ఇనుము మీద మొదటి పూత

మార్కాపురంలో తర్లుపాడు రోడ్డు చివర రెండు రేకుల షెడ్లు ఒకదాన్నొకటి ఆనుకుని ఉండేవి. ఒకటి అంకన్నది. గుద్దుకున్న బండ్ల సొట్టలు తీయడం, తుప్పు తిన్న రేకు కోసేసి కొత్త రేకు అతకడం అతని పని. రెండోది గిద్యోనుది. అంకన్న చేతిలోంచి బయటికొచ్చిన బండి గిద్యోను షెడ్డులో రంగు పూసుకుని రోడ్డెక్కేది. గొర్రెలు కాసుకునే ఇంట్లో పుట్టిన అంకన్న పెద్దగా మాట్లాడే మనిషి కాదు. గిద్యోను మాత్రం చేతిలో పని ఉన్నంతసేపూ పాడుతూనే ఉండేవాడు. చర్చిలో పాటలు ఎత్తుకునేది అతనే. ఆదివారానికి కొత్త పాట ఏదైనా ఉంటే ముందు వారమంతా అది షెడ్డులో వినపడేది.

అతని భార్య రెబెకా. ఆమె నాయన పలకల ఫ్యాక్టరీలో రాయి కోసేవాడు. ఆ దుమ్ము లోపల పేరుకుని, నడివయసు రాకముందే మంచం పట్టాడు. పడుకుంటే ఊపిరాడక, గోడకు చేరగిలబడి కూర్చునే ప్రాణం వదిలాడు. అందుకే సంబంధాలు చూసే రోజుల్లో ఆమె తల్లి ఒకే ఒక్క మాట మీద నిలబడింది. కూలివాడైనా సరే, పలకల పనివాడికి మాత్రం పిల్లను ఇవ్వనంది. బండ్లకు రంగులేసే గిద్యోను సంబంధం అలా కుదిరింది. వాళ్లకు పిల్లలు కలగలేదు. ఇంట్లో ఒక్కతే కూర్చోలేక రెబెకా కూడా షెడ్డుకు రావడం మొదలుపెట్టింది. పాత రంగు రుద్దడం, అద్దాలకు కాగితాలు అంటించడం, లప్పం పెట్టి నున్నగా తీయడం నేర్చుకుంది. రంగు కొట్టే గన్ను మాత్రం గిద్యోను చేతిలోనే ఉండేది.

అతనికి దగ్గు ఎప్పుడు మొదలైందో ఇద్దరికీ సరిగ్గా గుర్తులేదు. మొదట్లో గన్ను పట్టిన రోజు సాయంత్రం రొమ్ము పట్టేసినట్టుండేది. ఆదివారం తగ్గేది, సోమవారం తిరగబెట్టేది. కొన్నాళ్లకు ఆదివారం కూడా తగ్గడం మానేసింది. ఒక ఆరాధనలో పాట ఎత్తుకున్నవాడు రెండో చరణం దగ్గర ఆగిపోయాడు. మిగతావాళ్లు అందుకుని పాడేశారు. ఇంటికి నడిచి వస్తూ దారిలో రెబెకా అతని ఊపిరి చప్పుడు విన్నది. అలాంటి చప్పుడు వింటూనే ఆమె పెరిగింది. మర్నాడే ఒంగోలు తీసుకుపోయింది.

ఇది పలకల దుమ్ము జబ్బులాంటిది కాదన్నాడు డాక్టరు. ఇప్పటి కారు రంగులు గట్టిపడటానికి వాటిలో హార్డెనర్ అని ఒకటి కలుపుతారు. అందులో ఉండే ఒక రసాయనం గిద్యోను ఒంటికి పడటం లేదు. ఇలా ఒకసారి పడకుండా పోయాక ఏ కొంచెం పీల్చినా ఊపిరి గొట్టాలు బిగుసుకుపోతాయి, ఏదో ఒకనాడు అవి మళ్లీ తెరుచుకోకపోవచ్చు అన్నాడు. మంచి మాస్కు కొనుక్కుంటానని గిద్యోను అంటే, పడని మనిషికి మాస్కును నమ్ముకోవడం మంచిది కాదన్నాడు. హార్డెనర్ కలిపే రంగులేవీ ముట్టుకోవద్దని చెప్పి, పీల్చే మందు రాసిచ్చాడు.

ఆ తర్వాత గిద్యోను పాత పద్ధతికి తిరిగాడు. హార్డెనర్ అక్కర్లేని రంగులు తెచ్చి థిన్నర్ కలిపి కొట్టేవాడు. అలాంటి రంగు అడిగేవాళ్లు తగ్గిపోయారు. అడిగేవాళ్లవి ట్రాక్టర్ ట్రాలీలు, సామాన్ల బండ్లు. అందుకని షెడ్డు వెనక ఒక పాత డ్రమ్ము నిలబెట్టి రెబెకాకు గన్ను పట్టడం నేర్పాడు. ముందు ఒట్టి నీళ్లు కొట్టించాడు. తర్వాత రంగు. చెయ్యి ఎంత దూరంలో ఉండాలో, ఎంత వేగంగా కదలాలో విసుగు లేకుండా చెప్పాడు. బంపర్లు, తలుపులు లాంటి చిన్న పనులకు హార్డెనర్ రంగు కావాల్సొస్తే ఆమె కొట్టేది. పెద్ద బండ్లు అతనే చేసేవాడు.

అలా చేసిన వాటిలో కొమరోలు నుంచి వచ్చిన జీపు ఒకటుంది. దాని పైకప్పు అంతా కొత్త రేకు. ఒట్టి ఇనుము మీద గిద్యోను మొదటి పూతగా, హార్డెనర్ అక్కర్లేని రెడ్ ఆక్సైడ్ ప్రైమర్ కొట్టి, పైన రంగు వేసి పంపాడు. ఒక్క వానాకాలం గడిచిందో లేదో జీపు తిరిగొచ్చింది. రంగు కింద బుడగలు లేచాయి. గోటితో గీరితే పెళ్లలుగా ఊడొస్తోంది, కింద ఎర్రటి తుప్పు. గిద్యోను ఒక్క మాట కూడా వాదించకుండా మొత్తం గీకి మళ్లీ చేసిచ్చాడు. ఆ పని జరిగినన్ని రోజులూ అతను సరిగా అన్నం తినలేదు.

సుమన్ కారు వచ్చింది ఆ తర్వాతే.

సుమన్‌ది బేస్తవారిపేట. పాత పెద్ద కారు ఒకటి పెట్టుకుని, ఆసుపత్రులకు వెళ్లే రోగులను, పెళ్లిళ్లకు వెళ్లేవాళ్లను తిప్పి బతుకుతున్నాడు. ఆ కారును సముద్రం పక్క ఊళ్లో ఎవరి దగ్గరో కొన్నాడు. పైకి బాగానే కనపడింది గానీ ఉప్పు గాలి లోపల్లోపలే తినేసింది. తలుపుల అడుగు చేత్తో నొక్కితే రాలిపోతోంది. అంకన్న తలుపుల కింది భాగం, నేల అంచులు, పైకప్పులో సగం కోసేసి కొత్త రేకు అతికాడు. మిగతా చోట్ల కూడా రంగు కింద ఏముందో నమ్మకం లేక, గిద్యోను, రెబెకా కలిసి కారు మొత్తాన్నీ ఇనుము కనపడేదాకా గీకారు. చివరికది తోమిన గిన్నెలా తయారైంది.

ఒట్టి ఇనుము ఎక్కువసేపు ఆగదు. చెమట చేత్తో ముట్టుకున్న చోటల్లా తెల్లారేసరికి వేలిముద్రలు తుప్పు రంగులో తేలాయి. ఆకాశం కూడా మబ్బు పట్టి ఉంది. ప్రైమర్ ఆ రోజే పడాలి. ఏ ప్రైమర్ అన్నదే తేలాల్సింది. సుమన్ కూడా పొద్దున్నే వచ్చి షెడ్డు ముందు నిలబడ్డాడు.

గిద్యోను లోపలినుంచి రెడ్ ఆక్సైడ్ డబ్బా తెచ్చి మూత లేపబోయాడు. రెబెకా మూత మీద చెయ్యి పెట్టింది.

"ఈ బండికి అది ఆగదు మామా. జీపును చూసినాం గదా," అంది.

"జీపు రేకు తడి పూర్తిగా ఆరకముందే కొట్టినాను. అది నా తప్పు, ప్రైమర్‌ది కాదు. దీనికి రెండు పూతలు వేస్తా."

ఎపాక్సీ వేద్దామంది రెబెకా. ఎపాక్సీ కూడా ప్రైమరే, కానీ హార్డెనర్ కలిపేది. ఒట్టి ఇనుమును గట్టిగా పట్టుకుంటుంది, తడిని లోపలికి రానివ్వదు. గిద్యోనుకు అది ఆమె కంటే బాగా తెలుసు. ఆమెకు చెప్పిందే అతను. సుమన్ ఇద్దరి మొహాలూ మార్చి మార్చి చూశాడు. తనకు ఇవేవీ తెలియవని, తనకున్నది ఈ కారొక్కటేనని, ఇది మళ్లీ ఊడితే ఎక్కేవాళ్లుండరని, మీరు ఏది మంచిదంటే అది వేయండని అన్నాడు. పక్క షెడ్డులోకి చూసి అంకన్నను అడిగాడు.

అంకన్న గుడ్డతో చేతులు తుడుచుకుంటూ వచ్చాడు. అతుకుల దగ్గర కంటికి కనపడని సందులుంటాయని, రెడ్ ఆక్సైడ్ నీళ్లు తాగుతుందని, తన పని నిలవాలంటే ఎపాక్సీయే వేయాలని చెప్పాడు. చెప్పినంతసేపూ గిద్యోను వైపు చూడలేదు.

రెడ్ ఆక్సైడ్ అయితే గన్ను గిద్యోను పట్టుకుంటాడు. ఎపాక్సీ అయితే రెబెకా. అక్కడున్న వాళ్లలో సుమన్‌కు తప్ప అందరికీ ఆ సంగతి తెలుసు. గిద్యోను అరచేత్తో డబ్బా మూత గట్టిగా అదిమి లోపల పెట్టేశాడు.

మధ్యాహ్నం అన్నం దగ్గర అతనే మళ్లీ ఎత్తాడు. ఎపాక్సీ తనే కొడతానన్నాడు. రంగుల దుకాణంలో అడిగి తెలుసుకున్నాడట. ఎపాక్సీలో కలిపే హార్డెనర్ వేరే రకమట, డాక్టరు చెప్పిన రసాయనం అందులో ఉండదట.

"అమ్ముకునేటోళ్లు అట్లనే చెప్తారు," అంది రెబెకా. "హార్డెనర్ ఏదీ ముట్టుకోవద్దన్నాడు డాక్టరు. ఈ రకం ఆ రకం అని ఆయన చెప్పలా."

"ఫోన్ చేసి అడుగుదాం."

"అడిగేదానికి ఏముండాది? గన్ను పట్టుకోవాలని నువ్వు ఏదో ఒక దారి ఎతుకుతుండావు. ఇది కాకుంటే ఇంకోటి చెప్తావు."

గిద్యోను చెయ్యి అన్నంలోనే ఆగిపోయింది. "ఇనుము మీద మొదటి పూత నేను కొట్టకుండా మన షెడ్డులోంచి ఒక్క బండి బయటికి పోలేదు రెబెకా," అన్నాడు. "పై రంగు ఎవురన్నా కొట్టనీ. అదొక్కటి నాకు వదిలిపెట్టు."

రెబెకా అతని కళ్లలోకి చూడలేదు. "మా నాయన ఎట్ల పోయినాడో నువ్వు చూడలా. నేను చూసినా," అంది.

 గిద్యోను కంచంలోనే చెయ్యి కడుక్కుని లేచాడు.

షెడ్డుకు వచ్చాక థిన్నర్‌లో ముంచిన గుడ్డతో కారంతా తుడవడం మాత్రం ఎవరికీ ఇవ్వలేదు. నూనె, చెమట, వేలిముద్ర ఏదున్నా ప్రైమర్ పట్టదు. పైకప్పు, తలుపుల అంచులు, అతుకుల సందులు ఒక్కొక్కటే తుడుస్తూ పోయాడు. మధ్యమధ్య బయటికొచ్చి ఊపిరి తీసుకుని మళ్లీ వెళ్లాడు. రెబెకా అద్దాలకు కాగితాలు అంటిస్తూ ఓరగా చూస్తూనే ఉంది. తుడవడం అయ్యాక అతనే ఆమె మొహానికి రెండు పక్కలా గాలి వడగట్టే డబ్బాలున్న మాస్కు పెట్టి, తల వెనక పట్టీలు బిగించాడు. బయటికొచ్చి, షెడ్డు ముందు రేకు కింద, గన్నుకు గాలి పంపే కంప్రెసర్ పక్కన స్టూలు వేసుకుని కూర్చున్నాడు. గుమ్మానికి వేలాడే మందపాటి ప్లాస్టిక్ తెర మూసుకుంది.

మొదట్లో తెర ఇవతలినుంచి కేకేసి చెబుతూ వచ్చాడు. చెయ్యి దగ్గరికి పోతోందని, మూల వదిలేశావని. కాసేపటికి చెప్పడం మానేశాడు. గన్ను చప్పుడులోనే అతనికి చెయ్యి ఎలా నడుస్తోందో తెలుస్తుంది. చెప్పాల్సిందేమీ కనపడలేదు.

వాసన పూర్తిగా పోయాక, మర్నాడు పొద్దున గిద్యోను టార్చిలైటు తీసుకుని లోపలికెళ్లాడు. కారు చుట్టూ నిదానంగా తిరిగి, కింద పడుకుని కూడా చూశాడు. వెనక తలుపు కింద ఒక చోట పలచగా ఉందని చెప్పి బయటికొచ్చేశాడు. రెబెకా ఆ చోటు సరిచేసింది. మరింకేమైనా అంటాడేమోనని చూసింది. అతను అంకన్న షెడ్డు వైపు నడిచాడు.

తర్వాతి రోజుల్లో లప్పం పెట్టారు, రుద్దారు. ఆ పని ఇద్దరూ కలిసే చేశారు. రుద్దడంలో గిద్యోను చెయ్యి ఇప్పటికీ అందరికంటే నేర్పుగలది. కళ్లు మూసుకుని అరచెయ్యి రేకు మీద పోనిచ్చి, ఎక్కడ ఎత్తుందో ఎక్కడ పల్లముందో చెప్పేవాడు. కళ్లు మూసుకుని ఉండగానే ఒక మధ్యాహ్నం, ఇంతకూ తను ఈ షెడ్డులో చేస్తున్నదేంటని అడిగాడు. వేళాకోళమనుకుని రెబెకా నవ్వింది. అతను నవ్వకపోయేసరికి తనూ ఆపేసింది.

లప్పం మీద మందంగా ఇంకో ప్రైమర్ పడాలి. గీతలు, సన్నటి బొక్కలు అదే పూడుస్తుంది. దాని హార్డెనర్‌లో ఉండేది మాత్రం డాక్టరు చెప్పిన రసాయనమే. ఆ సంగతి గిద్యోనే చెప్పాడు. దీని దగ్గరికి తను రానని కూడా తనే అన్నాడు. ఆ రోజు గాలి ఆడటం లేదు, ఒళ్లంతా జిగటగా ఉంది. ఎప్పట్లాగే మాస్కు పట్టీలు బిగించి, బయట కంప్రెసర్ పక్కన కూర్చున్నాడు.

రెబెకా పైకప్పు కొట్టి, ఎడమ పక్క వెనకనుంచి ముందుకు వస్తోంది. గాలిలో తడి ఎక్కువున్న రోజు కంప్రెసర్ గొట్టంలో నీళ్లు చేరతాయి. వాటిని పట్టి ఉంచడానికి లోపల వెనక గోడకు ఒక చిన్న గాజు బుడ్డి, దాని అడుగున కుళాయి ఉంటాయి. బుడ్డి నిండితే నీళ్లు గన్నులోకి వచ్చేస్తాయి. గన్ను ఒకసారి చిమ్మినట్టయింది. తడి పూత మీద నీటి చుక్కలు పడ్డాయి. మళ్లీ చిమ్మింది. ఆపి బుడ్డి ఖాళీ చేయాలనుకుంది. కానీ మధ్యలో ఆపితే పూత అంచు ఆరిపోయి గీత పడుతుంది. ఈ పక్కైనా పూర్తి చేద్దామని ఇంకో అడుగు ముందుకేసింది. అంతలో చిమ్మడం దానంతటదే ఆగిపోయింది. అదృష్టం అనుకుంది. ముందు భాగం పూర్తి చేసి, కుడి పక్క రెండు తలుపులూ కొట్టి, వెనక్కి వచ్చింది.

మొదట ఒక పాదం కనపడింది.

గిద్యోను వెనక గోడ కింద పక్కకు ఒరిగి పడి ఉన్నాడు. ముక్కుకు కట్టుకున్న తువ్వాలు మెడ మీదికి జారింది. పైన బుడ్డి కుళాయి తెరిచే ఉంది. గోడ మీద నీళ్లు కారుతున్నాయి. షెడ్డంతా రంగు పొగలా నిండి ఉంది. రెబెకా గన్ను వదిలేసి అతని చంకల కింద చేతులు వేసి లాగింది. అరుస్తూనే ఉంది, ఆ అరుపు మాస్కులోనే ఉండిపోయింది. కంప్రెసర్ మోతలో అంకన్నకు ఏమీ వినపడలేదు. తెర తోసుకుని వాళ్లిద్దరూ బయటపడ్డాకే చూసి పరుగెత్తుకొచ్చాడు.

అతని చొక్కా జేబులో ఉన్న పీల్చే మందు తీసి నోట్లో కొట్టారు. లోపలికి పీల్చుకునే శక్తి అతనిలో లేదు. పెదాలు నల్లబడ్డాయి. అంకన్న ఆటో ఆపి ఎక్కించాడు. ఆటోలో గిద్యోను తల రెబెకా ఒళ్లో ఉంది. కళ్లు తెరిచి ఆమెనే చూశాడు. ఆమె మొహం మీద మాస్కు అచ్చులు, జుట్టంతా బూడిద రంగు. తనను గుర్తుపట్టాడో లేదో ఆమెకు తెలియలేదు. ఆసుపత్రిలో ఆక్సిజన్ పెట్టారు, ఇంజెక్షన్లు ఇచ్చారు. ఒంగోలు తీసుకుపోవాలన్నారు. బండి సిద్ధం చేసేలోపే పోయాడు.

మర్నాడు సమాధుల తోటలో పూడ్చారు. సుమన్ కూడా వచ్చి వెనక నిలబడ్డాడు. మట్టి వేశాక, గిద్యోను అక్క సుశీలమ్మ ఆపుకోలేకపోయింది. కొనకనమిట్ల నుంచి ఏడుస్తూనే వచ్చిన మనిషి అందరి ముందూ రెబెకా మొహం మీదే అనేసింది.

"నా తమ్ముడిని వాకిట్లో కూర్చోబెట్టి నువ్వు లోపల మేస్త్రివైతివి."

ఎవరో ఆమెను పక్కకు తీసుకుపోయారు.  రెబెకా తర్వాత కూడా ఎవరి దగ్గరా ఆ మాట తప్పని అనలేదు.

చాలా రోజులు షెడ్డు తెరవలేదు. ఒకనాడు రంగుల దుకాణానికి వెళ్లింది. ఎపాక్సీ గురించి తన భర్తకు చెప్పిన మనిషి ఎవరని అడిగింది. కౌంటర్ వెనక ఉన్నతను జరిగింది విని ఉన్నాడు. తనే చెప్పానని ఒప్పుకోవడానికి కొంచెం జంకాడు. ఎందుకు అడుగుతోందో చెప్పాక డబ్బా తెచ్చి చూపించాడు. ఎపాక్సీ హార్డెనర్ నిజంగానే వేరే రకం. అలాగని అది మంచిదని కాదు, అది కూడా కొందరికి పడదు, మాస్కు లేకుండా కొట్టకూడదు. కానీ గిద్యోనుకు పడని రసాయనం మాత్రం అందులో లేదు. రెబెకా డబ్బాను అటూ ఇటూ తిప్పి చూసి, తిరిగి అతని చేతికిచ్చింది.

అక్కడినుంచి నేరుగా అంకన్న షెడ్డుకు వచ్చింది. అతను ఒక తలుపు సొట్ట తీస్తున్నాడు.

"ఆ మొదటి పూత ఆయన కొట్టుకోవచ్చంట అన్నా," అంది. "అందులో ఏమీ లేదంట. ఆయన చెప్తానే ఉన్నాడు. నేను కొట్టనీలేదు."

అంకన్న సుత్తి పక్కన పెట్టాడు. ఆమె కూర్చోవడానికి పాత సీటు ఒకటి జరిపాడు.  ఎపాక్సీ కొట్టిన మర్నాడు గిద్యోను తన దగ్గరికొచ్చి కూర్చున్నాడని చెప్పాడు.

"నాకంటే నున్నగా కొట్టింది అన్నాడు. నీకు చెప్పుండడు."

"లేదు. పలచగా ఉండాదన్నాడు."

"అదీ నిజమే గదా."

రెబెకా తల ఊపింది. రోజూ మనసులో తిరుగుతున్న మాట అప్పుడు అడిగింది. కంప్రెసర్ ఆయన పక్కనే ఉంది. చెయ్యి చాపి మీట నొక్కితే గన్ను ఆగిపోయేది, తను బయటికొచ్చేది. ఎందుకు లోపలికొచ్చాడు? నీళ్లు తీయడానికే వచ్చాడా, బయట కూర్చోలేక వచ్చాడా?

"ఆపితే నీ పూత సగంలో పోతాది. ఆ మనిషి ఆపడు," అన్నాడు అంకన్న. "రెండు అంగలేసి, కుళాయి తిప్పి వద్దాంలే అనుకోని ఉంటాడు." సుత్తి మళ్లీ అందుకుంటూ, "ఇంకేమన్నా అనుకున్నాడేమో, నాకు తెలీదు," అన్నాడు.

సుమన్ ఒకసారి వచ్చి, కారు అలాగే ఇచ్చేస్తే తీసుకుపోతానన్నాడు. రంగు లేకపోయినా ఫర్వాలేదన్నాడు. బూడిద రంగు కారులో పెళ్లివాళ్లు ఎక్కరని అతనికీ తెలుసు. ఆ షెడ్డులోంచి దాన్ని తీసేస్తే రెబెకాకు కొంత తేలికవుతుందనుకుని ఉంటాడు. ఆమె వద్దంది. పూర్తి చేసి ఫోన్ చేస్తానంది.

ముందు అంకన్న చేత రెండు పనులు చేయించింది. వెనక గోడ మీది గాజు బుడ్డిని విప్పి, బయట కంప్రెసర్ పక్కన బిగించమంది. ప్లాస్టిక్ తెర తీసేసి, లోపలినుంచి గడియ పడే రేకు తలుపు పెట్టమంది. బుడ్డి మార్చడానికి అంకన్నకు గంట కూడా పట్టలేదు. ఎన్నేళ్లుగానో అది లోపలే ఉంది. ఆ సంగతి ఇద్దరూ అనుకున్నారు గానీ ఒకరి మొహం ఒకరు చూసుకోలేదు.

కారు ఎడమ పక్క, నీటి చుక్కలు పడిన చోట సూది పొడిచినట్టు బొక్కలున్నాయి. రెబెకా ఆ పక్కంతా రుద్దేసింది. కళ్లు మూసుకుని అరచేత్తో తడుముతూ, ఎత్తుపల్లాలు తెలియకపోతే మళ్లీ రుద్దింది. మాస్కు పట్టీలు తనే బిగించుకుంది. ఒక పట్టీ జుట్టులో చిక్కుకుని సరిగా పడక, రెండు మూడు సార్లు తీసి పెట్టుకోవాల్సొచ్చింది. గడియ వేసుకుని ప్రైమర్ మళ్లీ కొట్టింది. అది ఆరాక రుద్ది, తెల్ల రంగు వేసింది. రంగు కొడుతున్నప్పుడు కారు వెనక్కి తిరిగే ప్రతిసారీ ముందు నేల వైపు చూసేది. తలుపుకు గడియ ఉందని తెలిసినా చూసేది. ఆ అలవాటు తర్వాతి బండ్లకు కూడా పోలేదు.

సుమన్ వచ్చి కారు చూశాడు.  చేతులు కట్టుకుని కొంతసేపు నిలబడ్డాడు. ఇంటిదాకా దింపుతాను, ఎక్కు వదినా అన్నాడు. రెబెకా వద్దంది. గన్ను ఇంకా కడగలేదని, హార్డెనర్ కలిపిన రంగు లోపల గట్టిపడితే ఇక పనికిరాదని చెప్పింది. అతను తాళం తీసుకుని కారు వెనక్కి తీసి, హారన్ కొట్టకుండా నెమ్మదిగా రోడ్డెక్కాడు.

ఆమె కంప్రెసర్ పక్కన స్టూలు మీద కూర్చుని, గన్ను విప్పి, ఒక్కో ముక్కనూ థిన్నర్ గిన్నెలో వేసింది. పక్క షెడ్డులో అంకన్న ఎవరితోనో మాట్లాడుతున్నాడు. గిద్దలూరు నుంచి ఎవరో వ్యాను తెచ్చారు. పైకప్పు మార్చాలట, రంగు కూడా ఇక్కడే వేయించుకుంటారట, రంగు మేస్త్రి ఎవరని అడుగుతున్నారు. అంకన్న ఏం చెప్పాడో ఆమెకు వినపడలేదు. కాసేపటికి వ్యాను మనిషి ఇటు వచ్చి, ఆమెను చూసి, షెడ్డు లోపలికి తొంగి చూశాడు.

"మేస్త్రి లేడా అమ్మా?" అన్నాడు.

రెబెకా తల ఎత్తింది. "లేడు," అంది. "ఏంది పని, నాకు చెప్పు."